షేర్డ్ ఎలక్ట్రిక్ స్కూటర్లు: రమ్మనాలా, వద్దనాలా? నాలుగు దారులు, వాటి లాభనష్టాలు

యాప్‌లో స్కాన్ చేసి ఎక్కి, పని అయ్యాక దిగి వదిలేసే అద్దె ఎలక్ట్రిక్ స్కూటర్ల (విదేశాల్లో ఎక్కువగా నిలబడి నడిపే చిన్న చక్రాల బళ్లు, మన దగ్గర కూర్చుని నడిపేవి) గురించి ఏ నగరంలో అడిగినా జనం రెండు రకాలుగా మాట్లాడతారు. "మెట్రో దిగి ఐదు నిమిషాల్లో ఆఫీసుకు చేరిపోతున్నాం, ఇంతకంటే ఏం కావాలి" అంటారు ఎక్కేవాళ్లు. "ఫుట్‌పాత్ మీద అడుగు పెట్టే చోటు లేదు, ముందు వీటిని తీసేయండి" అంటారు నడిచేవాళ్లు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అందుకే మధ్యలో ఉన్నవారికి ఎటూ తేలదు.

అలా ఎటూ తేలనివారి కోసమే ఈ వ్యాసం. కాలనీ సంక్షేమ సంఘంలో ఉన్నవారు, ఐటీ పార్కు లేదా కాలేజీ క్యాంపస్ నిర్వహణ చూసేవారు, "మీ వీధి చివర స్కూటర్ స్టాండు పెడతాం, అభ్యంతరమా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియనివారు దీన్ని ముఖ్యంగా చదవాలి. జర్మనీలోనో లండన్‌లోనో చదువుకుంటూ రోజూ ఈ బళ్లను చూసే మన పిల్లలకు పనికొచ్చే సంగతులు కూడా చివర్లో ఉన్నాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జనం కోపం చాలావరకు బండి నిలబెట్టే చోటు దగ్గర మొదలవుతుంది. ఆ చోటు ముందుగా తేల్చుకున్న నగరాలకు సర్దుబాటు చేసుకునే వీలు దొరికింది. "బళ్లు రానివ్వండి, పార్కింగ్ సంగతి తర్వాత చూద్దాం" అన్న నగరాలు ఆ తర్వాత ఎన్ని నిబంధనలు తెచ్చినా జనం నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోలేకపోయాయి. కింద చెప్పే ప్రతి దారినీ నేను ఈ కంటితోనే చూస్తున్నాను.

పోల్చే ముందు ఏం చూడాలి

మొదటిది, అన్నిటికంటే పెద్దది: దిగాక బండి ఎక్కడ నిలుస్తుంది?

అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియాలోని రెండు ఆస్పత్రుల ఎమర్జెన్సీ విభాగాలకు 2017 సెప్టెంబరు నుంచి 2018 ఆగస్టు వరకు ఇలాంటి స్కూటర్ల వల్ల దెబ్బలు తగిలి వచ్చినవారి వివరాలను వైద్యులు పరిశీలించి, 2019లో ప్రచురించారు. మొత్తం 249 మంది. వారిలో 21 మంది అసలు స్కూటర్ ఎక్కనివారు. ఆ 21 మందిలో 11 మందిని స్కూటర్ గుద్దింది. ఐదుగురు నిలబెట్టి ఉన్న స్కూటర్ తగిలి పడ్డారు. మరో ఐదుగురికి పక్కన పడి ఉన్న బండిని ఎత్తబోయినప్పుడో, మోయబోయినప్పుడో దెబ్బ తగిలింది. అంటే స్కూటర్ ఎక్కకుండానే దెబ్బతిన్న 21 మందిలో దాదాపు సగం మంది విషయంలో ఆ బండి కదలనే లేదు.

చూపు లేని వ్యక్తి తెల్లకర్రతో నడిచే తీరు ఒకసారి గమనించండి. కర్ర కొస నేల మీద అటూ ఇటూ తిరుగుతుంది. గోడ అంచు, చెట్టు మొదలు, కరెంటు స్తంభం రోజూ ఒకే చోట ఉంటాయి కాబట్టి వాటితో దారి గుర్తుంటుంది. నిన్న లేని స్కూటర్ ఇవాళ అడ్డంగా ఉంటే, కర్ర దాని సన్నటి చక్రం పక్కగా జారిపోతుంది, హ్యాండిల్ వచ్చి నేరుగా పొట్టకో ఛాతీకో తగులుతుంది. అదే బండి పక్కకు పడి ఉంటే కాలికి అడ్డంపడుతుంది. చక్రాల కుర్చీలో వెళ్లేవారికి ఫుట్‌పాత్ దిగే వాలు దగ్గర ఒక్క స్కూటర్ ఉన్నా చాలు, వెనక్కి తిరిగి రోడ్డు మీదుగా వెళ్లాల్సిందే. బ్రిటన్‌లో ఈ స్కూటర్ల మీద మొదటి నుంచీ గట్టిగా అభ్యంతరం చెప్పినవాళ్లలో అంధుల సంఘాలు ముందున్నాయి. వాళ్ల మాటను ఎవరూ కొత్తదనం ఇష్టంలేనివాళ్ల గొణుగుడుగా కొట్టిపారేయకూడదు.

రెండోది: ఎన్ని బళ్లు, ఎంత వేగం, ఏ వేళల్లో? పగలు ఆఫీసుకు వెళ్లే మనిషి నడిపే స్కూటర్ వేరు, అర్ధరాత్రి బార్ నుంచి బయటికొచ్చిన ఇద్దరు కలిసి ఎక్కే స్కూటర్ వేరు. సంఖ్యకు పరిమితి లేకపోతే కంపెనీలు పోటీపడి బళ్లు దింపుతాయి. రోజంతా ఖాళీగా పడి ఉండే బళ్లే కంటికి ఎక్కువ కనిపిస్తాయి.

మూడోది: పిలిస్తే ఎవరొస్తారు? గేటుకు అడ్డంగా బండి ఉంటే ఫోన్ ఎవరికి చేయాలి, ఎంతసేపట్లో తీస్తారు, తీయకపోతే జరిమానా ఎవరు కడతారు. ఈ మూడింటికీ జవాబు లేకపోతే ఆ భారమంతా వాచ్‌మన్ మీద పడుతుంది.

నాలుగోది: ఇది దేని బదులు? కారు, బైకు మానేసి ఎక్కితే నగరానికి లాభం. నడిచేవాళ్లు, బస్సెక్కేవాళ్లు మానేసి ఎక్కితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. 2019లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కగట్టినప్పుడు, అద్దె స్కూటర్ వల్ల వచ్చే కాలుష్యంలో చార్జింగ్ కరెంటు వాటా చిన్నదని తేలింది. ఎక్కువ భాగం బండి తయారీది, రాత్రిపూట వ్యాన్లలో తిరుగుతూ వాటిని ఏరుకొచ్చే పనిది. బండి ఎక్కువకాలం మన్నితే, బ్యాటరీ అక్కడికక్కడే మార్చగలిగితే ఈ లెక్క మెరుగవుతుంది. కాబట్టి "ఎలక్ట్రిక్ కదా, పర్యావరణానికి మంచిది" అనే ప్రచారం విని వెంటనే తల ఊపకండి.

అద్దె ఎంత అనేది కూడా ఒక కొలత, కానీ దాన్ని నేను చివరన పెడతాను. రేటు నచ్చనివాళ్లు ఎక్కరు, అంతే. ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లకు అలా తప్పుకునే వీలు లేదు.

నాలుగు దారులు ఒక్కచోట

| దారి | ఎక్కడ చూశాం | ఎక్కేవారికి | నడిచేవారికి | నగరపాలికకు |
|---|---|---|---|---|
| స్వేచ్ఛగా వదిలేయడం | శాన్‌ఫ్రాన్సిస్కో (2018 వసంతం), పారిస్ (2018–19) | చాలా సుఖం | చాలా కష్టం | పని లేదు, ఫిర్యాదులు మాత్రం వందలు |
| లైసెన్సు, పరిమితి, గీసిన చోట్లు | ఓస్లో, లండన్, స్వీడన్ నగరాలు | కొంచెం నడవాలి | భరించవచ్చు | రోజూ పర్యవేక్షణ ఉండాలి |
| పూర్తిగా ఆపేయడం | పారిస్ (2023), మాడ్రిడ్, మెల్‌బోర్న్ | నష్టం | వెంటనే ఊరట | పని తేలిక, ప్రత్యామ్నాయం చూపాలి |
| బండినే మార్చడం | బెంగళూరు | నెమ్మది, కానీ స్థిరం | పార్కింగ్ మీద ఆధారపడి ఉంటుంది | స్టేషన్లు, క్యాంపస్‌లతో ఒప్పందాలు కావాలి |

మొదటి దారి: స్వేచ్ఛగా వదిలేయడం

దీని గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. 2018 మార్చిలో బర్డ్, లైమ్, స్పిన్ అనే మూడు కంపెనీలు శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో అనుమతి తీసుకోకుండానే స్కూటర్లు దించేశాయి. కొన్ని వారాల్లోనే ఫిర్యాదులు ముంచెత్తాయి. ఏప్రిల్‌లో నగర న్యాయవాది నోటీసులిచ్చారు. జూన్ 4 నాటికి బళ్లన్నీ తీసేయాలని నగరం ఆదేశించింది. ఆ ఏడాది అక్టోబరులో మళ్లీ అనుమతించినప్పుడు, ఈ మూడింటినీ పక్కనపెట్టి స్కూట్, స్కిప్ అనే వేరే రెండు కంపెనీలకు మాత్రమే, తలా 625 బళ్లతో మొదలుపెట్టే అవకాశం ఇచ్చింది. అడగకుండా వచ్చినవాళ్లకు ఆ రోజు తలుపు మూసుకుపోయింది.

జర్మనీలో 2019 జూన్ 15 నుంచి ఈ స్కూటర్లు చట్టబద్ధమయ్యాయి. రెండేళ్లు తిరిగేసరికి కొలోన్ నగరంలో రైన్ నది అడుగున వందల స్కూటర్లు పడి ఉన్నాయని తేలింది. బ్యాటరీలు నీటిలో నానుతున్నాయని జనం మండిపడ్డాక, డైవర్లను దింపి బయటికి తీయించారు. తనది కాని బండి, కాపలా లేని బండి, ఎక్కడైనా వదిలేయవచ్చన్న బండి చివరికి ఎక్కడికి చేరుతుందో ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఏ కంపెనీ అయినా "ముందు మూడు నెలలు నిబంధనలేమీ లేకుండా నడిపి చూద్దాం" అంటే ఒప్పుకోకండి. జనం మనసు విరిగేది ఆ మూడు నెలల్లోనే.

రెండో దారి: లైసెన్సు, పరిమితి, గీసిన చోట్లు

చాలా నగరాలు చివరికి వచ్చి చేరుతున్న దారి ఇది. ఇందులోనూ తేడాలున్నాయి, ఆ తేడాల్లోనే అసలు విషయం ఉంది.

నార్వే రాజధాని ఓస్లోలో 2021 నాటికి స్కూటర్లు విపరీతంగా పెరిగిపోయాయి. రాత్రిపూట తాగి నడిపి దెబ్బలు తగిలించుకుని ఆస్పత్రికి వచ్చేవారి గురించి వైద్యులు ఆందోళనకు దిగారు. ఆ సెప్టెంబరులో నగరం రెండు పనులు చేసింది. మొత్తం స్కూటర్ల సంఖ్యను 8,000కు కుదించింది. రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు అద్దెకివ్వడం ఆపించింది. ఫిన్లాండ్‌లోని హెల్సింకి కూడా వారాంతపు రాత్రుల మీద ఆంక్షలు తెచ్చింది. నిషేధించకుండానే, ఏ వేళలో ఎక్కువ నష్టం జరుగుతోందో ఆ వేళను మాత్రమే కత్తిరించడం తెలివైన పని. మన దగ్గర ఎవరైనా ఈ పథకం తెస్తే మొదటి రోజు నుంచే రాత్రి వేళలు మూసేయమని అడగడంలో తప్పు లేదు. నమ్మకం కుదిరాక పొడిగించుకోవచ్చు.

స్వీడన్ 2022 సెప్టెంబరు 1 నుంచి దేశమంతటా ఫుట్‌పాత్ మీద నడపడాన్ని నిషేధించింది. ఫుట్‌పాత్ మీద కేటాయించిన చోట తప్ప నిలబెట్టడాన్ని కూడా నిషేధించింది. శాన్‌ఫ్రాన్సిస్కో ఇంకో ఉపాయం పట్టుకుంది. స్కూటర్‌ను సైకిల్ స్టాండుకో స్తంభానికో తాళం వేస్తేనే అద్దె మీటరు ఆగాలి అని షరతు పెట్టింది. తాళం వేసిన బండి పక్కకు పడిపోదు, నదిలోకీ పోదు. చిన్న ఇనుప తాడు అది, కానీ ఎన్నో యాప్ హెచ్చరికలకంటే బాగా పనిచేస్తుంది.

లండన్ అన్నిటికంటే జాగ్రత్తగా వెళ్లింది. 2021 జూన్‌లో కొన్ని ప్రాంతాల్లో మాత్రమే ప్రయోగంగా మొదలుపెట్టారు. వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటదు. లైట్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి. పద్దెనిమిదేళ్లు నిండి, డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవాళ్లే ఎక్కాలి. గీసిన గడిలో పెడితేనే ప్రయాణం ముగుస్తుంది, వీధి మధ్యలో వదిలేసి పోవడం కుదరదు. దీనివల్ల ఎక్కేవాళ్లకు దిగాక కొంత దూరం నడక తప్పదు. అయినా నడిచేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇంతకంటే మర్యాదైన ఏర్పాటు ఇంకొకటి కనబడదు.

ఇక్కడ ఒక సాంకేతిక పరిమితిని గుర్తుపెట్టుకోవాలి. "మా యాప్‌లోనే హద్దులు గీశాం, అది దాటితే బండి ఆగిపోతుంది" అని కంపెనీలు చెబుతాయి. ఆ హద్దు జీపీఎస్ మీద ఆధారపడుతుంది. జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాతో చూపడం మామూలే. ఎత్తైన భవనాల మధ్య ఆ తేడా ఇంకా పెరుగుతుంది. ఫలానా పార్కులోకి వెళ్లకుండా ఆపడానికి అది సరిపోతుంది. బండి రోడ్డు మీద ఉందా, రెండడుగుల అవతల ఫుట్‌పాత్ మీద ఉందా అని తేల్చడానికి సరిపోదు. కాబట్టి నేల మీద రంగుతో గీసిన గడి, పక్కన చిన్న స్తంభం, దిగేటప్పుడు ఫోటో తీసి పంపే షరతు, ఈ మూడూ కలిసి ఉండాలి. ఫోటోలను నిజంగా చూసే మనిషి కంపెనీలో ఉన్నాడా అని కూడా అడగండి.

ఆ గడులు ఎక్కడ గీయాలి? ఫుట్‌పాత్ మీద గీస్తే సమస్యకు అధికారిక ముద్ర వేసినట్టే. రోడ్డు అంచున, కార్లు ఆపే వరసలోంచి తీసుకోవాలి. ఒక కారు ఆగే జాగాలో నిలబడి నడిపే స్కూటర్లు ఎనిమిది దాకా పడతాయి. కారు పార్కింగ్ ఒకటి తగ్గుతుందంటే మన సంఘాల సమావేశాల్లో పెద్ద గొడవే అవుతుంది. అయినా ఆ గొడవను బళ్లు రాకముందే తేల్చుకోవడం మంచిది.

మూడో దారి: పూర్తిగా ఆపేయడం

పారిస్ కథ అందరూ చెప్పుకుంటారు, కానీ సగమే చెప్పుకుంటారు. 2018లో స్కూటర్లు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి డజను దాకా కంపెనీలు, వేల బళ్లు. 2019లో ఫుట్‌పాత్ మీద నడిపితే 135 యూరోలు, అడ్డంగా పెడితే 35 యూరోల జరిమానా తెచ్చారు. 2020లో టెండరు పిలిచి లైమ్, డాట్, టియర్ అనే మూడు కంపెనీలను ఉంచి, ఒక్కొక్కరికి 5,000 చొప్పున మొత్తం 15,000 స్కూటర్లకు కుదించారు. పార్కింగ్ చోట్లు గీశారు. 2021లో చాలా ప్రాంతాల్లో వేగాన్ని గంటకు 10 కిలోమీటర్లకు తగ్గించారు. ఆ ఏడాది వేసవిలోనే సీన్ నది ఒడ్డున నడుస్తున్న ఒక యువతిని ఇద్దరు ఎక్కిన స్కూటర్ గుద్దితే ఆమె చనిపోయింది. అప్పటికే మండుతున్న కోపం ఆ సంఘటనతో ఎక్కడికో వెళ్లిపోయింది.

2023 ఏప్రిల్ 2న మేయర్ ఆన్ హిదాల్గో ఈ విషయంపై నగర ప్రజల ఓటు కోరారు. ఓటేసినవారిలో 89 శాతం వద్దన్నారు. ఓటు హక్కున్న పారిస్ వాసుల్లో ఓటేసింది మాత్రం ఏడున్నర శాతం కంటే తక్కువే. ఆన్‌లైన్‌లో ఓటు లేదు, స్వయంగా వెళ్లి వేయాలి. సెప్టెంబరు వచ్చేసరికి అద్దె స్కూటర్లు పారిస్ వీధుల్లోంచి మాయమయ్యాయి.

ఇందులోంచి రెండు పక్షాలూ తమకు కావాల్సింది తీసుకుంటాయి. "చూశారా, 89 శాతం" అని ఒకరు, "ఓటేసిందే ఎంతమంది" అని ఇంకొకరు. నాకు కనిపించేది ఇది: స్కూటర్ ఎక్కేవాళ్లలో చాలామందికి అది అవసరానికి వాడుకునే వస్తువు మాత్రమే, దానికోసం ఆదివారం పూట వరసలో నిలబడేంత పట్టింపు లేదు. నచ్చనివాళ్లకు మాత్రం ఐదేళ్లుగా పేరుకున్న బాధ ఉంది. సరైన నిబంధనలు రెండేళ్లు ఆలస్యంగా వచ్చాయి. ఆ రెండేళ్లలో స్కూటర్ అంటే ఏమిటో జనం మనసులో స్థిరపడిపోయింది.

2024లో మాడ్రిడ్ కూడా తన మూడు కంపెనీల లైసెన్సులను రద్దు చేసింది. పార్కింగ్‌ను అదుపు చేస్తామన్న షరతులను అవి నిలబెట్టుకోలేదని కారణం చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో మెల్‌బోర్న్ నగర మండలి లైమ్, న్యూరాన్ కంపెనీలతో ఒప్పందాలను ముగించాలని తీర్మానించింది. షరతులు పెట్టి, అమలు కాకపోతే వెనక్కి తీసుకోవడం నగరానికి సాధ్యమేనని ఈ రెండూ చూపించాయి.

నిషేధం కోరేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, పారిస్‌లో ఆగింది అద్దె స్కూటర్లే. సొంతానికి కొనుక్కున్నవి ఇప్పటికీ తిరుగుతున్నాయి, అద్దె ఎలక్ట్రిక్ సైకిళ్లూ ఉన్నాయి. ఫుట్‌పాత్ మీద పార్కింగ్ తగ్గుతుంది, ఢీకొనే భయం పూర్తిగా పోదు. రెండు, దెబ్బ ఎవరికి తగులుతుందో చూడాలి. సింగపూర్ 2019 నవంబరు 5 నుంచి ఫుట్‌పాత్‌ల మీద సొంత ఈ-స్కూటర్లు నడపడాన్ని నిషేధిస్తే, వాటి మీదే ఆధారపడ్డ ఫుడ్ డెలివరీ కుర్రాళ్లు ఎమ్మెల్యేల లాంటి తమ ప్రతినిధుల దగ్గరికి గుంపులుగా వెళ్లి గోడు వెళ్లబోసుకున్నారు. వాళ్లు వేరే బండికి మారడానికి ప్రభుత్వం, డెలివరీ కంపెనీలు కలిసి 70 లక్షల సింగపూర్ డాలర్ల నిధి ఏర్పాటు చేయాల్సి వచ్చింది. నిర్ణయం సరైనదే అయినా దాని ఖర్చు ఎవరు మోస్తున్నారో ముందు చూసుకోవడం న్యాయం.

నాలుగో దారి: బండినే మార్చడం

మన దేశంలో నిలబడి నడిపే స్కూటర్లు నిలదొక్కుకోలేదు. మన రోడ్ల గుంతలకు, స్పీడ్ బ్రేకర్లకు ఆ చిన్న చక్రాలు ఆగవు. ఇక్కడ వచ్చింది కూర్చుని నడిపే నెమ్మది బండి. బెంగళూరులో మొదలైన యులు అనే కంపెనీ ఇందుకు ఉదాహరణ. బజాజ్ ఆటో దీనిలో పెట్టుబడి పెట్టి, తర్వాత బళ్లు తయారు చేసి ఇస్తోంది. వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపే. మన మోటారు వాహన నిబంధనల ప్రకారం మోటారు శక్తి, వేగం, బరువు నిర్ణీత పరిమితి లోపల ఉన్న ఇలాంటి బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, నడిపేవారికి లైసెన్సూ అక్కర్లేదు.

ఇదే దీని బలం, ఇదే దీని బలహీనత. లైసెన్సు లేని కుర్రాడికి, సొంత బైకు కొనే స్తోమత లేని డెలివరీ పనివాడికి ఇది బతుకుతెరువు. నంబరు ప్లేటు లేకపోవడంతో రాంగ్ సైడులో వచ్చినా, ఫుట్‌పాత్ ఎక్కినా ఎవరిని పట్టుకోవాలో తెలియదు. బెంగళూరు జనంలో వినిపించే రెండు మాటలూ ఇవే. బండి మీద పెద్ద అక్షరాలతో నంబరు ఉండాలని ఒప్పందంలోనే రాయించుకుంటే ఈ చిక్కు సగం తీరుతుంది.

అంతకుముందు బౌన్స్, వోగో లాంటి కంపెనీలు పెట్రోల్ స్కూటర్లను ఇలాగే అద్దెకిచ్చాయి. హైదరాబాద్ మెట్రో స్టేషన్ల దగ్గర కూడా అవి కనిపించేవి. కరోనాతో ఆ వ్యాపారం దెబ్బతింది. బౌన్స్ సొంత ఎలక్ట్రిక్ స్కూటర్ల తయారీకి మళ్లింది, వోగోను 2022లో బస్సు ట్రాకింగ్ సంస్థ చలో కొనేసింది. ఈ వ్యాపారంలో కంపెనీలు ఎంత తొందరగా మారిపోతాయో గమనించండి. కంపెనీ చేతులెత్తేస్తే మీ వీధిలో మిగిలిన బళ్లను ఎవరు తీస్తారనే ప్రశ్నకు కూడా ముందే జవాబు ఉండాలి.

మీ పరిస్థితికి ఏది సరిపోతుంది

*మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసు దాకా రోజూ తిరిగే ఉద్యోగులు, వాళ్ల ఐటీ పార్కులు.* మాదాపూర్, గచ్చిబౌలి లాంటి చోట నాలుగో దారి సరిపోతుంది. రెండు కొసల్లోనూ సొంత స్థలం ఉంది: ఇటు స్టేషన్ ఆవరణ, అటు కంపెనీ ప్రాంగణం. ఫుట్‌పాత్ జోలికి పోకుండా స్టాండు నుంచి స్టాండుకు నడపొచ్చు. హెల్మెట్ స్టాండు దగ్గరే ఇవ్వమని అడగండి. చట్టం అడగకపోయినా తల గట్టిపడదు.

*పాత వీధులు, బజారు ప్రాంతాలు.* అమీర్‌పేటలో మెట్రో మెట్లు దిగితే ఏం కనిపిస్తుందో తెలిసినవారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఉన్న ఆ కాస్త ఫుట్‌పాత్‌లో ఫోన్ కవర్ల బల్ల, మొక్కజొన్న బండి, ట్రాన్స్‌ఫార్మర్, నిలిపిన బైకులు. ఇక్కడ బతుకుతున్న వీధి వ్యాపారులకు 2014 చట్టం రక్షణ ఇచ్చింది. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 (జీవించే హక్కు) కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 2025 మేలో స్పష్టం చేసింది. ఈ రెండు హక్కుల మధ్యే చోటు చాలడం లేదు. మూడోదిగా అద్దె బళ్లను దింపడానికి నేను ఒప్పుకోను. విజయవాడ వన్ టౌన్ అయినా, బేగంబజార్ అయినా ఇదే మాట. ఇలాంటి చోట షేర్ ఆటోయే మేలు. అదీ పంచుకునే బండే, పైగా దిగాక ఫుట్‌పాత్ మీద మిగిలిపోదు, ఒక కుటుంబానికి తిండి పెడుతుంది.

*గేటెడ్ కమ్యూనిటీలు, పెద్ద క్యాంపస్‌లు.* లోపలి రోడ్లు మీవే, నియమాలూ మీవే కాబట్టి రెండో దారిని పూర్తిగా అమలు చేయగలరు. వేగం గంటకు 15 కిలోమీటర్లు దాటకుండా పెట్టించండి. పిల్లలు సాయంత్రం ఆడుకునే వేళలో ఆట స్థలం చుట్టుపక్కల నడవకుండా ఆపించండి. పదహారేళ్ల లోపువారు పెద్దవాళ్ల ఫోన్‌తో ఎక్కడం అన్ని చోట్లా ఉన్న బాధే. దానికి యాప్ కంటే వాచ్‌మన్ కన్నే మంచి మందు.

*వృద్ధులు, వికలాంగులు ఎక్కువగా ఉన్న కాలనీలు.* గీసిన పార్కింగ్ ఇస్తామని రాతపూర్వకంగా చెప్పనంతవరకు వద్దనండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు. మీటింగుకు రాలేనివారి ఇంటికి వెళ్లి అభిప్రాయం తీసుకోండి. పారిస్‌లో ఓటు వేయనివారి మాట ఎవరికీ వినపడలేదు. మన సంఘాల్లో సాధారణంగా మెట్లు దిగలేని పెద్దవాళ్ల మాటే వినపడకుండా పోతుంది.

*విదేశాల్లో ఉన్న విద్యార్థులు.* సొంతది కొనాలా, అద్దెది వాడాలా అనేది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో సొంత ఈ-స్కూటర్‌ను ప్రభుత్వ రోడ్డు మీద నడపడం నేరం. పోలీసులు బండి స్వాధీనం చేసుకోవచ్చు, ఇన్సూరెన్స్ లేదని 300 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద ఆరు పెనాల్టీ పాయింట్లు పడొచ్చు. దుకాణంలో అమ్ముతున్నారు కదా అని కొనేయకండి. అక్కడ ప్రయోగం నడుస్తున్న ఊళ్లలో అద్దెదే చట్టబద్ధం. జర్మనీలో సొంతదీ నడపొచ్చు, కానీ ఇన్సూరెన్స్ స్టిక్కర్ తప్పనిసరి. ఇద్దరు ఎక్కకూడదు, ఫుట్‌పాత్ ఎక్కకూడదు, మద్యం విషయంలో కారుకున్న నియమాలే దీనికీ ఉన్నాయి. 21 ఏళ్ల లోపువారికి, కొత్తగా లైసెన్సు వచ్చినవారికి ఒక్క చుక్క కూడా కుదరదు. పార్టీ నుంచి వస్తూ "కారు కాదు కదా, స్కూటరే" అనుకుని దొరికినవాళ్లు డ్రైవింగ్ లైసెన్సు పోగొట్టుకున్నారు. రోజూ ఒకే దారిలో వెళ్లేవారికి స్టూడెంట్ ట్రాన్సిట్ పాస్, ఒక పాత సైకిల్ కలిసి చాలావరకు చవక. నిమిషానికి ఇంత చొప్పున కట్టే స్కూటర్ అప్పుడప్పుడు వాడుకోవడానికే బాగుంటుంది.

ఒప్పుకునేటట్టయితే రాయించుకోవాల్సినవి

నోటి మాట మీద ఏదీ వదలకండి. పార్కింగ్ గడులు గీశాకే బళ్లు రావాలి. ఎన్ని బళ్లన్నది అంకెల్లో ఉండాలి, పెంచాలంటే మళ్లీ అడగాలి. ప్రతి బండి మీదా దూరం నుంచి కనిపించే నంబరు, తెలుగులో మాట్లాడే మనిషి ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి. ఫిర్యాదు వచ్చిన రెండు గంటల్లో తీయాలి. తీయకపోతే జరిమానా కంపెనీయే కట్టాలి, అది నడిపినవాడి దగ్గర వసూలు చేసుకుంటుందా లేదా అన్నది వాళ్ల గొడవ. నడిచేవారికి దెబ్బ తగిలితే పరిహారం ఇచ్చే ఇన్సూరెన్స్ కాగితం చూపించాలి. కొంత సొమ్ము డిపాజిట్‌గా ఉంచాలి, కంపెనీ మూతపడితే బళ్లు తొలగించడానికి అది పనికొస్తుంది. ఆరు నెలలకోసారి అనుమతిని సమీక్షించే హక్కు మీ చేతిలోనే ఉండాలి.

కంపెనీ ప్రతినిధి వచ్చినప్పుడు గదిలో కూర్చుని స్లైడ్లు చూడకుండా, అతన్ని వెంటబెట్టుకుని వీధిలోకి నడవండి. స్టాండు పెడతామన్న చోట టేపు పెట్టి కొలవండి. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునేంత, అంటే కనీసం 1.8 మీటర్ల దారి మిగులుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. మిగలకపోతే వేరే చోటు చూపించమనండి. వేరే చోటు లేదంటే, ఆ వీధికి జవాబు వద్దనే.